కష్టంలో ఉన్నవాళ్లతో "ఇందులో దేవుని ఉద్దేశం ఉంది" అనొచ్చా?

పలాస వాసి:
అందరికీ వందనాలు. మాది పలాస దగ్గర పల్లె. మొన్న ఒక ఇంట్లో కుటుంబ కూడిక జరిగింది. ఆ ఇంటాయన డయాలసిస్ మీద ఉన్నారు. వాక్యం చెప్పిన పెద్దాయన, దేవుణ్ని ప్రేమించేవాళ్లకి అన్నీ కలిసి మేలుకే జరుగుతాయని చెప్పే రోమా పత్రిక 8:28 చదివి, "మీ కుటుంబం పట్ల దేవునికి ఒక ఉద్దేశం ఉంది, అందుకే ఈ జబ్బును అనుమతించాడు" అన్నారు. కొందరు ఆమెన్ అన్నారు. ఆయన భార్య మాత్రం నోరు విప్పలేదు. నేనూ విశ్వాసినే. కానీ మా ఉద్దానంలో, అంటే శ్రీకాకుళం జిల్లాలో మా పలాస, సోంపేట, కవిటి వైపు, ఏ ఊరికి వెళ్లినా ఈ కిడ్నీ జబ్బే. ఇన్ని ఇళ్లలో ఒక్కో ఇంటికి ఒక్కో ఉద్దేశమా? ఆ మాట వాళ్లకి ఓదార్పా, ఇంకో బరువా?

బొబ్బిలి వాసి:
బరువే బ్రదర్. చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ మాట అనకూడదు.

బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న భక్తుడు యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు. అంతవరకూ బాగానే చేశారు. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడింది. చివరికి 42వ అధ్యాయంలో దేవుడు కోప్పడింది వాళ్ల మీద, గోడుగోడున ఏడ్చి నిలదీసిన యోబు మీద కాదు. ఇంకోటి గమనించండి. యోబుని పరీక్షించడానికి సాతాను దేవుని దగ్గర అనుమతి తీసుకున్నాడని మొదటి రెండు అధ్యాయాలు చదివే మనకు తెలుసు. యోబుకి మాత్రం దేవుడు ఆ సంగతి చివరిదాకా చెప్పలేదు. అంత భక్తుడికే చెప్పని కారణం మనకెలా తెలిసిపోయింది?

లూకా 13లో సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి వస్తుంది. వాళ్లు మిగతావాళ్లకంటే పాపులని అనుకుంటున్నారా అని అడిగి, కాదని యేసే చెప్పాడు.

ఇక రోమా 8:28. దానికి రెండు వచనాల ముందే, మనకి ప్రార్థన చేయడం కూడా చేతకానప్పుడు ఆత్మ "ఉచ్చరింప శక్యముగాని మూలుగులతో" మన పక్షాన వేడుకుంటాడని ఉంది. ఆ మూలుగు వదిలేసి 28వ వచనం ఒక్కటే పట్టుకెళ్లి ఇంటింటా చదువుతున్నాం. నాకు బాధ అక్కడే.

సోంపేట అమ్మాయి:
అన్నా, మీరు చెప్పింది కాదనను. కానీ మా అమ్మ సంగతి కూడా వినండి. ఆమెకీ డయాలసిస్ జరుగుతోంది. వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు మంచం మీదే. ఎండాకాలంలో కూడా కొలిచి పెట్టిన సీసాడు నీళ్లే తాగాలి. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టేది) వేసిన చెయ్యి మీద వేళ్లు పెడితే గుర్రుమని అదురుతుంది. ఆ అదురు ఆగిపోతే వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. అమ్మ రోజూ పొద్దున్నే ఆ చెయ్యి తడిమి చూసుకుని, "స్తోత్రం తండ్రీ" అని మంచం దిగుతుంది.

దేవుడు తనని ఊరికే అక్కడ పడుకోబెట్టలేదని ఆమె నమ్మకం. పక్క మంచంలో ఉన్నవాళ్లు ఏ మతమైనా సరే, అడిగి మరీ వాళ్ల కోసం ప్రార్థన చేస్తుంది. ఉద్దేశం అనే మాటే తప్పంటే అమ్మకి మిగిలేది సూదులే. అపొస్తలుడైన పౌలు తన ఒంట్లో ముల్లు అని చెప్పుకున్న బాధ పోవాలని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. "నా కృప నీకు చాలును" అనే జవాబే వచ్చింది కదా.

కవిటి రైతు:
నా భయం వేరే. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైనప్పుడు కూడా దేవుని చిత్తం అన్నవాళ్లున్నారు. అలా అనుకుని ఊరుకుంటే ఎలా? ఈ కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. హిరమండలం రిజర్వాయరు నుంచి నీళ్లు తెచ్చే పథకమైనా, 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభించిన 200 పడకల ఆసుపత్రి అయినా, జనం ఏళ్ల తరబడి అడగబట్టే వచ్చాయి. చిత్తం అని సరిపెట్టుకుంటే వచ్చేవా?

బొబ్బిలి వాసి:
సిస్టర్, మీ అమ్మగారి మాటకి నేను అడ్డు చెప్పను. అది ఆమె సాక్ష్యం. అన్నలే గుంటలో పడేసి అమ్మేసిన యోసేపు కూడా "మీరు కీడు చేయ చూశారు, దేవుడు దాన్ని మేలు చేశాడు" అని తన అన్నలతో తానే అన్నాడు. అదీ ఎన్నో ఏళ్ల తర్వాత. గుంటలో పడి ఉన్నప్పుడు ఎవరో పైనుంచి తొంగిచూసి ఆ మాట అనలేదు. పౌలు చెప్పిందీ తన ముల్లు గురించే. పడుతున్నవాళ్ల నోట వస్తే అది విశ్వాసం. చూడ్డానికి వెళ్లిన మనం అంటే తీర్పు చెప్పినట్టే ఉంటుంది.

రైతు గారూ, మీ మాటకి వాక్యంలోనే ఆధారం ఉంది. యోహాను 9లో పుట్టు గుడ్డివాణ్ని చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగారు. వాడిదీ కాదు, వాడి తల్లిదండ్రులదీ కాదన్నాడు యేసు. దేవుని క్రియలు వాడిలో కనబడాలన్నాడు. అక్కడితో ఆపలేదు. పగలుండగానే మనం ఆ పని చేయాలి అంటూ ఉమ్మితో బురద చేసి కళ్లకి పూశాడు. ఉద్దేశం గురించి మాట్లాడిన నోటితోనే పనిలోకి దిగాడు. మంచినీళ్ల కోసం అర్జీ పెట్టడం కూడా ఆ పనిలోదే అని నా నమ్మకం.

పలాస వాసి:
వచ్చే వారం మళ్లీ ఆ ఇంటికి వెళ్తున్నాను. ఏ భాగం చదవమంటారు?

సోంపేట అమ్మాయి:
88వ కీర్తన చదవండి అన్నా. ఆఖరు మాట దాకా చీకటే ఉంటుంది, అయినా దేవుడితోనే చెప్పుకుంటాడు. చదివేసి వచ్చేయకండి. ఆయన్ని డయాలసిస్‌కి ఈసారి మీరు తీసుకెళ్తామని ఆయన భార్యతో చెప్పండి. మాకు అలా ఒక్కరైనా వస్తే అమ్మ వంట సంగతి, తమ్ముడి బడి సంగతి చూసుకోగలుగుతాను. ఆటో ఖర్చు సంఘం పెట్టుకోగలదేమో కూడా అడగండి.