తమ్ముడి మీద ఫిర్యాదు చేస్తే బాగుపడతాడా?

ప్రశ్న:
మా తమ్ముడు నాలుగేళ్లుగా హెరాయిన్‌కు బానిసగా ఉన్నాడు. రెండుసార్లు చికిత్సా కేంద్రంలో చేర్పించాం. రెండుసార్లూ బయటికి వచ్చిన నెల లోపే మళ్లీ మొదలుపెట్టాడు. మొన్న వాడి చొక్కా ఉతకబోతుంటే జేబులో మడతపెట్టిన వెండిరేకు, దాని మీద నల్లగా మాడిన చార కనిపించేసరికి అమ్మ అక్కడే కూలబడిపోయింది. పోలీసులకు అప్పగిస్తే, కొన్నాళ్లు లోపల ఉండి తనంతట తానే దారికి వస్తాడని మా పెదనాన్నగారు పట్టుబడుతున్నారు. వ్యసనాన్ని నేరంగా కాక జబ్బుగా చూడాలని నేనంటే, "జబ్బుపడ్డవాడెవడైనా ఇంట్లో డబ్బు దొంగిలిస్తాడా?" అని అడిగారు. నాకు జవాబు తోచలేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి జవాబు (వ్యసన చికిత్స విభాగంలో నర్సును):
పెదనాన్నగారి ప్రశ్నను కొట్టిపారేయకండి. దొంగతనం దొంగతనమే, దాన్ని జబ్బు ఖాతాలో వేయనక్కర్లేదు. అయితే మత్తుమందు వాడినందుకే శిక్షించాలా అన్నది వేరే ప్రశ్న. ఏళ్ల తరబడి హెరాయిన్ వాడిన మనిషి సుఖం కోసం దాన్ని వెతుక్కోడు. అది అందని పూట ఆగకుండా ఆవలింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, కడుపులో మెలిపెట్టే నొప్పి మొదలవుతాయి కాబట్టి, వాటినుంచి తప్పించుకోవడానికే వెతుక్కుంటాడు.

జైలు విషయంలో నా భయం ఒకటే. కొన్ని వారాలు మత్తుమందు ముట్టకపోతే శరీరానికి దాన్ని తట్టుకునే శక్తి పడిపోతుంది గాని, దాని మీద యావ మాత్రం అలాగే ఉంటుంది. విడుదలైన రోజున పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. జైలునుంచి వచ్చాక మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్ మరణాలు ఎంత ఎక్కువగా ఉంటాయో అనేక దేశాల అధ్యయనాలు చూపించాయి. చికిత్స మందులేవీ ఇవ్వకుండా, ఒంట్లోని మత్తుమందు పోయేదాకా ఉంచి పంపించే కేంద్రాలకూ ఇదే ప్రమాదం వర్తిస్తుంది. హెరాయిన్ మీద యావను, అది అందనప్పటి బాధను అదుపులో ఉంచే మందులు బ్యుప్రెనార్ఫిన్ గాని మెథడోన్ గాని మీ తమ్ముడికి అక్కడ ఇచ్చారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే ఈ రెండింటినీ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

రెండవ జవాబు:
నర్సుగారి మాట కాదనను గాని, శిక్ష భయం పూర్తిగా తీసేస్తే ఏమవుతుందో కూడా చూడాలి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 2020లో ప్రజలు ఓటు వేసి, కొద్దిపాటి మత్తుమందు దగ్గర ఉంచుకోవడం నేరం కాదన్నారు. 100 డాలర్ల జరిమానా, ఆరోగ్య పరీక్ష కోసం ఒక నంబరుకు ఫోన్ చేస్తే అదీ మాఫీ. చాలామంది జరిమానా కట్టలేదు, ఫోనూ చేయలేదు. వీధుల్లో బహిరంగంగా వాడటం మీద జనం విసిగిపోయారు. చివరికి 2024లో చట్టసభ దాన్ని మళ్లీ నేరంగా మార్చింది.

మూడవ జవాబు:
ఒరెగాన్ వైఫల్యం నిజమే. కాని అక్కడ శిక్ష ముందు పోయింది, చికిత్సకు కేటాయించిన డబ్బు చాలా ఆలస్యంగా చేరింది. పోర్చుగల్ ఈ మార్పును 2001 జూలైలో అమలు చేసింది. పది రోజుల వాడకానికి మించని మత్తుమందుతో దొరికినవారిని కోర్టుకు కాకుండా ముగ్గురు సభ్యుల సంఘం ముందుకు పంపుతారు. చట్టం, వైద్యం, మనస్తత్వశాస్త్రం, సామాజిక సేవ వంటి రంగాలు తెలిసినవారు అందులో ఉంటారు. ఎదురుగా కూర్చున్న వ్యక్తి సరదాకు వాడుతున్నాడా, బానిసయ్యాడా అన్నది వాళ్లు మాట్లాడి తేల్చుకుంటారు. బానిసైతే చికిత్సకు దారి చూపిస్తారు, అవసరమైతే ఆంక్షలు కూడా పెట్టగలరు. అమ్మకం మాత్రం అక్కడ ఇప్పటికీ నేరమే. ఇంజెక్షన్ల ద్వారా హెచ్‌ఐవీ సోకడం ఆ తర్వాతి ఏళ్లలో బాగా తగ్గింది. అందులో చట్టంతోపాటు మెథడోన్, శుభ్రమైన సిరంజిల పంపిణీకి కూడా పెద్ద వాటా ఉంది. భయాన్ని తీసేసి ఆ స్థానంలో ఏమీ పెట్టకపోతే ఒరెగాన్ అవుతుందని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
నర్సుగారూ, రెండు చోట్లా ఆ మందులేవీ ఇవ్వలేదు. తాళం వేసి ఉంచారు, ప్రసంగాలు వినిపించారు, అంతే. ఇదంతా పెదనాన్నగారికి చదివి వినిపించాను. ఒప్పుకోలేదు గాని, ఫిర్యాదు మాట నెలరోజులు వాయిదా వేశారు. ఈలోగా ఏం చేయాలి?

మొదటి జవాబు ఇచ్చిన నర్సు:
బ్యుప్రెనార్ఫిన్ ఇచ్చే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మొదటి బిళ్లను, నేను చెప్పిన లక్షణాలు మొదలయ్యాకే నాలుక కింద పెట్టాలి. హెరాయిన్ ఇంకా ఒంట్లో ఉండగానే వేస్తే ఆ బాధంతా ఒక్కసారిగా మీదపడుతుంది, ఇక ఆ మందు పేరెత్తితేనే మీ తమ్ముడు పారిపోతాడు.

ఇంట్లో నాలోక్సోన్ స్ప్రే ఉంచండి, అది హెరాయిన్ ప్రభావాన్ని కాసేపు విరిచి ఊపిరి తిరిగి తెప్పించే మందు. పిలిచినా కదిలించినా పలకక, పెదవులు నీలిరంగుకు మారి, ఊపిరి గురకలా ఆగి ఆగి వస్తుంటే అంబులెన్స్‌కు ఫోన్ చేసి ముక్కులో కొట్టండి. రెండు మూడు నిమిషాల్లో తెలివి రాకపోతే రెండోసారి కొట్టండి. ఊపిరి సాగుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నాలోక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాలకు మించదు, అందువల్ల లేచి కూర్చున్నా ఒంటరిగా వదలకండి. మరో మాట. తమ్ముడితో మాట్లాడి, ఒప్పించి, అతని గది తలుపుకు లోపలి గడియ తీసేయించండి.