స్పెషల్ ఎడ్యుకేటర్ వచ్చే పీరియడ్‌ని సరిగ్గా వాడుకోవడం ఎలా?

ప్రశ్న: నాలుగో తరగతి లెక్కల క్లాసు. 34 మందిలో ముగ్గురికి ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న బిడ్డకు విడిగా రాసుకునే చదువు ప్రణాళిక) ఉంది. అలాంటి పిల్లలకు నేర్పే స్పెషల్ ఎడ్యుకేటర్ వారానికి రెండు పీరియడ్లు, 40 నిమిషాల చొప్పున వస్తారు. ఆ రోజు పాఠమేమిటో ఆవిడకు క్లాసులో అడుగుపెట్టాకే తెలుస్తోంది. దాంతో ఆ ముగ్గురి పక్కన కూర్చుని బోర్డు మీదిది రాయించడమే పనవుతోంది. ఇద్దరికీ కలిసే ఖాళీ పీరియడ్ లేదు. వచ్చే వారం భిన్నాల కూడిక. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1: మేడం, ఖాళీ పీరియడ్ కోసం ఆగకండి. రెండు రోజుల ముందు నాలుగు లైన్లు రాసివ్వండి: ఏం రావాలి, కొత్త మాటలేవి, బోర్డు మీద చేసే లెక్కలేవి, పిల్లలు సొంతంగా చేసేవేవి. లెసన్ ప్లాన్ మొత్తం అక్కర్లేదు. ఆవిడ పక్కనే మార్పులు రాసి తిరిగిస్తారు.

మీ పాఠానికే చూడండి. 1/2 + 1/4 ఇస్తే చాలామంది పైవి పైవి, కిందవి కిందవి కూడి 2/6 అంటారు. తప్పని చెబితే ఎక్కదు. ఒకే పొడవున్న కాగితం పట్టీలు మూడు తీసుకుని ఒకటి సగానికి, ఒకటి నాలుగు సమాన భాగాలుగా, ఒకటి ఆరు సమాన భాగాలుగా మడిపించండి. ఆరులో రెండు భాగాలు సగం కంటే చిన్నవని కంటికే కనిపిస్తుంది. కూడితే తగ్గడమేమిటని పిల్లలే అడుగుతారు. ఈ పట్టీలు ముందే తయారుగా ఉండాలంటే ఆ నాలుగు లైన్లు ముందే అందాలి.

వర్క్‌షీట్‌లో ఆ ముగ్గురికి పదింటికి బదులు ఐదు ఇస్తే మొదటి ఐదు కోసివ్వకండి. అవన్నీ ఒకే హారం ఉన్న సులువు లెక్కలై ఉంటాయి, ఆ పిల్లలకు అసలు పాఠమే అందదు. ప్రతి రకం నుంచీ ఒకటి ఏరాలి.

జవాబు 2: ఆ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టడం మానేయండి. క్లాసును రెండు గుంపులు చేసి వాళ్లను రెండింట్లో కలపండి. 8 నిమిషాలు అందరికీ, 13 నిమిషాలు ఒక గుంపు మీ దగ్గర, రెండోది ఆవిడ దగ్గర, మార్పిడికి 2, మళ్లీ 13, చివరి 4 నిమిషాలు అందరూ కలిసి. మార్పిడికి టైం వేయకపోతే రెండో గుంపు పాఠం సగంలో ఆగుతుంది. ఇద్దరి గొంతులూ ఒకేసారి వినిపిస్తాయి కాబట్టి గుంపులు ఎదురెదురు మూలల్లో ఉండాలి. శబ్దానికి చెదిరిపోయే బిడ్డ ఉంటే మాత్రం ఈ పద్ధతి వద్దు.

జవాబు 3: ఒక్క మాట. ప్రశ్న చదివి వినిపించడం లెక్కల్లో వెసులుబాటు. అదే పని చదవడాన్ని పరీక్షించేటప్పుడు చేస్తే పరీక్షించే విషయమే మారిపోతుంది. తేలిక లక్ష్యం పెట్టాలా వద్దా అన్నది ఐఈపీ సమావేశంలో తేలాలి, క్లాసు మధ్యలో కాదు.

ప్రశ్న అడిగినవారు: పట్టీలు, గుంపులు రెండూ చేస్తాం. ఆ పిల్లల పక్కన కూర్చునే సహాయకురాలు జవాబు చెప్పేస్తుంటే ఏం చేయాలండి?

జవాబు 1: వరుస పెట్టుకోండి. ముందు 5 నుంచి 10 సెకన్లు ఊరుకోవాలి. తర్వాత వేలితో చూపించాలి, తర్వాత ప్రశ్న మళ్లీ చదవాలి, ఆఖరికే లెక్కలో మొదటి మెట్టు చేసి చూపాలి. ఈ వరుసలో ఎక్కడ జవాబు వచ్చిందో లెక్క పక్కన ఒక్క అక్షరం రాయమనండి: సొంతంగా అయితే 'సొ', వేలు చూపితే 'వే', చదివితే 'చ', చేసి చూపితే 'మె'. ఆ అక్షరం లేకపోతే పేపర్లో పదికి పది చూసి మీరు పాఠం ముగించేస్తారు. 'సొ'లు పెరిగేకొద్దీ ఆవిడ కుర్చీ ఒక బల్ల వెనక్కి జరగాలి.