గాలి శుద్ధికి వచ్చే డబ్బు ఊరంతటికీ సమంగానా, పాతనగరానికి ముందుగానా?

కోటవీధి మాస్టారు (చర్చ ప్రారంభకులు):
నగరపాలక సంస్థకు ఇవ్వడానికి మా వీధివారం ఒక వినతిపత్రం సిద్ధం చేస్తున్నాము. 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైనప్పుడే, గాలి నాణ్యత ప్రమాణాలను అందుకోలేని నగరాల జాబితాలో విశాఖపట్నం చేరింది. 10 లక్షల జనాభా దాటిన నగరాలకు 15వ ఆర్థిక సంఘం ఇదే పనికోసం విడిగా గ్రాంట్లు కేటాయించింది. ఇటువంటి డబ్బును వార్డుకింత అని పంచకుండా, ఓడరేవులోని మూత లేని కుప్పల నుంచి బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము ఎక్కువగా పడే పాతనగరం, జ్ఞానాపురం, మల్కాపురం వైపు ముందుగా ఖర్చు చేయాలని, అక్కడ గాలిని కొలిచే యంత్రాలు పెట్టాలని కోరదలిచాము. సభ్యుల అభిప్రాయం తెలుపగలరు.

సెక్టార్ ఆరు (ఎంవీపీ కాలనీ):
మాస్టారూ, పన్ను అందరమూ కడుతున్నాము. మా వీధిలో మూడేళ్లుగా ఒకదాని వెనుక ఒకటిగా అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ఆ సిమెంటు దుమ్ముకు మా మనవడికి నెబ్యులైజర్ పెట్టని వారం లేదు. వాడి ఊపిరితిత్తులు ఏ వార్డు లెక్కలోకి వస్తాయి? అదీగాక ఓడరేవు 1933లో మొదలైంది, మల్కాపురంలో ముడి చమురు శుద్ధి కర్మాగారం 1957లో వచ్చింది. వాటి పక్కన ఇల్లు కట్టుకున్నవారికి దుమ్ము సంగతి తెలియదా?

కోటవీధి మాస్టారు:
ఓడరేవు 1933లో మొదలైన మాట నిజమే. అంతకు ముందు అక్కడ ఊరు లేదన్నట్టు మీరు రాయడమే విడ్డూరంగా ఉంది. మా పాతనగరంలోని యూరోపియన్ల శ్మశానంలో పద్దెనిమిదో శతాబ్దపు సమాధి ఫలకాలు ఉన్నాయి. ఓడరేవు ఎదుట మూడు కొండల మీద చర్చి, దర్గా, వేంకటేశ్వరస్వామి గుడి ఉన్నాయి. ఇవన్నీ దుమ్ము చూసి ముచ్చటపడి వచ్చి కట్టుకున్నవా? తెల్లవారి లేచి తులసికోటను తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది, నీళ్ల డ్రమ్ముకు రెండు మడతల పంచె కట్టి ఉంచుతాము, మిద్దె మీద వడియాలు పెట్టడం మా అమ్మ మానేసి చాలా ఏళ్లయింది.

సెక్టార్ ఆరు:
శ్మశానం గురించి నేను అడగలేదు. మల్కాపురం సంగతి చెప్పండి. అక్కడ కర్మాగారం ముందా, కాలనీలు ముందా?

మల్కాపురం నివాసి:
1997 సెప్టెంబరు 14 ఉదయం ఆ కర్మాగారంలో పేలుడు జరిగి 60 మందికి పైగా పోయారు. ఆ ఊరివాళ్లను పట్టుకొని ఎవరు ముందు అని అడుగుతున్నారు. చదువుకున్నవారు అడిగే ప్రశ్నేనా ఇది?

ఉక్కు విశ్రాంతుడు (గాజువాక):
ఎవరు ముందు వచ్చారన్న పంచాయతీకి చట్టంలో అంత విలువ లేదు. 1986 డిసెంబరులో, ఢిల్లీలోని ఒక కర్మాగారం నుంచి ఓలియం అనే ఆమ్లపు వాయువు లీకైన కేసులో సుప్రీంకోర్టు, ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవారు దానివల్ల జరిగే హానికి సంపూర్ణ బాధ్యులని, ఏ మినహాయింపూ చెప్పుకోరాదని తేల్చింది. 2020 మే 7న మన నగరంలోనే ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలో స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది చనిపోయారు. ఆ కర్మాగారం 1961 నాటిది, చుట్టుపక్కల ఇళ్లలో చాలా భాగం తరువాత వచ్చినవే. అయినా పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ మరునాడే కంపెనీని 50 కోట్ల రూపాయలు జమ చేయమంది. ఇళ్లు ఎప్పుడు కట్టుకున్నారన్న లెక్క దానికి అడ్డు రాలేదు.

నా అభ్యంతరం వేరే ఉంది. మాస్టారు కొలిచే యంత్రం అడుగుతున్నారు. ఆ యంత్రం చూసేది పది మైక్రాన్ల లోపు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు కంటె సన్నని కణాలను. దానికి ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. తులసికోట మీద నల్లగా పేరుకునే బొగ్గు పొడిలో చాలా భాగం అంతకంటె ముతకగా ఉంటుంది కనుక అది ఈ లెక్కలోకి రాదు. నిరంతర కొలమాన కేంద్రం రామ్‌నగర్‌లో ఒకటి ఉంది, దాని అంకెలు చూసి మీ గుడ్డ మీది నలుపును ఎవరూ అంచనా కట్టలేరు. రేపు కోటవీధిలో యంత్రం పెట్టి, అంకె 60కి లోపే వచ్చిందని కాగితం చేతికిస్తే మీ వినతిపత్రం మీకే అడ్డం తిరుగుతుంది. కనుక నెలకు చదరపు మీటరు మీద ఎంత ధూళి రాలిందో పాత్రలు పెట్టి తూచే కొలత కూడా అడగండి. ఇంకొక మాట. మూత లేని కుప్పలను ఇక్కడి ఓడరేవులో మాత్రమే కట్టడి చేస్తే సరుకు గాజువాక పక్కనున్న గంగవరం ఓడరేవు వైపు మళ్లుతుంది, అప్పుడు ఆ దుమ్ము మా గాజువాకది అవుతుంది. పాతనగరం పేరు రాసేటప్పుడు మా పేరూ రాయండి.

కోటవీధి మాస్టారు:
ధూళి పాత్రల సంగతి నాకు తట్టలేదు, చేరుస్తాను. గాజువాక పేరు చేర్చే విషయం మా వీధివారిని అడగాలి.

సెక్టార్ ఆరు:
పాత్రలు పెట్టి దుమ్మును తూచుకుంటూ కూర్చుంటే ఏమొస్తుంది? కుప్పల చుట్టూ ఒక కిలోమీటరు మేర జనాన్ని ఖాళీ చేయించి, పరిహారం ఇచ్చి, చెట్లు పెంచాలి. శాశ్వత పరిష్కారం అదొక్కటే. మీరు యంత్రాల చుట్టూ తిరగడం చూస్తే మీకు పరిష్కారం కావాలో, ఫిర్యాదు కావాలో తెలియడం లేదు.

కోటవీధి మాస్టారు:
మొదట మమ్మల్ని తెలిసి కట్టుకున్నవాళ్లన్నారు, ఇప్పుడు మా మీద దయతో ఖాళీ చేయిస్తామంటున్నారు. మీ దయ మాకు అక్కరలేదు.

కురుపాం మార్కెట్ గృహిణి:
సెక్టార్ ఆరు గారూ, పాత పోస్టాఫీసు దగ్గర రెండు వాటాల ఇల్లు అద్దెకు ఉందని పోయిన సంవత్సరం ఇదే వేదికలో ప్రకటన పెట్టింది మీరు కాదా? నేను ఫోను చేశాను. దుమ్ము సంగతి అడిగితే, కిటికీలు మూసుకుంటే ఏమీ ఉండదమ్మా అన్నారు.

సెక్టార్ ఆరు:
అవును, నాదే. అందులో దాచేదేమీ లేదు. మా నాన్నగారు ఆ ఇంట్లోనే దగ్గి దగ్గి పోయారు. నేను ఎంవీపీకి వచ్చేశాను. ఆ ఇల్లు కొనేవాడు లేడు, వచ్చిన బేరం చెబితే నవ్వుతారు. ఒక బ్యాంకుకు వెళ్తే తాకట్టుకు పనికిరాదన్నారు. నా ఆస్తికి పరిహారం అడిగితే తప్పా?

కురుపాం మార్కెట్ గృహిణి:
తప్పని నేను అనలేదు. పరిహారం మీ చేతికి వస్తుంది, ఖాళీ చేసేది మేము. మా ఇంటాయన రేవులో కళాసీ పని చేస్తారు. నేను తెల్లవారుజామున నాలుగు గంటలకు ఫిషింగ్ హార్బర్‌కు నడిచి వెళ్లి చేపలు తెచ్చుకొని అమ్ముకుంటాను. ఊరి చివర ఎక్కడో ఇల్లు ఇస్తే ఆ వేళకు ఏ బస్సు ఉంటుంది? మాకు కావలసింది కుప్పల మీద మూత, లారీల మీద పట్టా, రోజూ రోడ్డు కడగడం. మేము ఉన్నచోటనే ఉంటాము. మాస్టారిని కూడా ఒకటి అడగాలి. మీ కాగితం మీద సంతకం చేసినవారిలో అద్దెకుండేవాళ్లు ఎంతమంది?

కోటవీధి మాస్టారు:
ఇప్పుడే తీసి చూశాను. నలభై ఒక్క సంతకాలు ఉన్నాయి, అందరూ సొంత ఇళ్లవాళ్లే. ఇంటి పన్ను రసీదు నంబరు వేయమని నేనే గడి గీశాను, రసీదు లేనివారు సంతకం పెట్టలేరన్న ఆలోచన నాకు రాలేదు. ఆ గడి తీసేస్తాను.

సెక్టార్ ఆరు:
గడి తీసేస్తే ఆ కాగితానికి అధికారుల దగ్గర విలువ ఉండదు. రేపు ఇల్లు మారిపోయేవారి సంతకంతో శాశ్వత విధానం ఎలా అడుగుతారు? నేను ఒప్పుకోను.

కురుపాం మార్కెట్ గృహిణి:
పదహారేళ్లలో నాలుగు ఇళ్లు మారాము, నాలుగూ ఈ మూడు వీధుల్లోనే. దుమ్ము లేని ఇల్లు ఒక్కటీ దొరకలేదు.

ఉక్కు విశ్రాంతుడు:
రసీదు గడికి బదులు ఎన్నేళ్లుగా ఇక్కడ నివాసం అని గడి పెట్టండి. గాజువాక విషయం ఇంకా తేల్చలేదు.

కోటవీధి మాస్టారు:
అలాగే చేస్తాను. ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు మా అరుగు మీద కూర్చుందాము. గాజువాక సంగతి అక్కడే తేలుద్దాము.

కురుపాం మార్కెట్ గృహిణి:
తొమ్మిదింటికి అయితే మేము రాలేము, మాస్టారు గారూ. ఆదివారమే బేరం ఎక్కువ, బుట్ట దించేసరికి పదకొండు దాటుతుంది. సాయంత్రం పెట్టండి, పదిమందిని తీసుకొస్తాను.