నవలలో తెలియని మాట తగిలితే ఆగాలా, సాగిపోవాలా?

హోసూరు చదువరి

అందరికీ నమస్కారం. మాది హోసూరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మా అమ్మాయికి నేర్పిద్దామని కొన్న వాచకంతో ముప్పై అయిదో ఏట నేనే తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. అమ్మాయి మానేసింది, నేను మానలేదు. రెండు నవలలు పూర్తి చేశాను. ఇప్పుడు మూడోది, రాయలసీమ పల్లెలో జరిగే ఒక పాత నవల చదువుతున్నాను.

మూడు వారాలయింది, ఇంకా 40వ పేజీలోనే ఉన్నాను. తెలియని ప్రతి మాటనూ నోటుపుస్తకంలోకి ఎక్కించి, ఫోనులో నిఘంటువు చూసి అర్థం రాసుకుంటాను. ఇప్పటికి 212 మాటలయ్యాయి. అర్థం రాసుకుని మళ్లీ పుస్తకంలోకి వచ్చేసరికి ఎవరు ఎవరితో ఎందుకు పోట్లాడుతున్నారో మరిచిపోతున్నాను. పైగా కొన్ని మాటలు ఎంత వెతికినా దొరకవు. ఇంతకుముందు చదివిన గోదావరి నవలలో ఎవరో 'నూతిలో' పడ్డారు. 'నూతి' అని వెతికితే నా ఫోనులోని చిన్న నిఘంటువులో లేదు. అది 'నుయ్యి' అని తెలియడానికి రెండు రోజులు పట్టింది. అంతవరకూ ఆ మనిషి ఎక్కడ పడ్డాడో తెలియకుండానే చదివాను.

నోటుపుస్తకం అటక మీద పడెయ్యమని మా స్నేహితుడి సలహా. ఇన్ని మాటలు పోగుచేశాక మనసు ఒప్పడం లేదు. మీరేమంటారు?

తీరిక మాస్టారు

మీ స్నేహితుడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ముప్పై రెండేళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి, నిఘంటువు మీద నాకు పగేమీ లేదు. కానీ నవల చదువుతున్నప్పుడు అది పంటి కింద రాయి. పసిపిల్లవాడు ప్రతి మాటకూ అర్థం అడిగి రాసుకునే మాటలు నేర్చుకున్నాడా? వింటాడు, ఊహిస్తాడు, తప్పు పలుకుతాడు, తనే సరిచేసుకుంటాడు.

నేను కృష్ణాజిల్లావాణ్ణి. సీమ నవలలు మొదటిసారి చదివినప్పుడు నాకూ సగం మాటలు కొత్తే. చావిడి అంటే ఊరి పెద్దలు కూర్చునే చోటని, గాదె అంటే ధాన్యం పోసుకునేదని, కపిల అంటే ఆవు అని నాకు ఏ నిఘంటువూ చెప్పలేదు. సందర్భమే చెప్పింది. ఊహ తప్పితే తరవాతి పేజీ దిద్దుతుంది. సాగిపోండి.

లెక్కల మనిషి

మాస్టారి మాటలో బలం ఉంది, కానీ ఆయన అనుకుంటున్నంత లేదు. దీనిమీద అసలైన పరీక్షలే జరిగాయి. అన్నిటికంటే పేరున్నది 1978 నాటిది. ఆంథొనీ బర్జెస్ 1962లో రాసిన 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్' నవలలో కుర్రవాళ్లు ఒక కల్పిత యాస మాట్లాడతారు, అందులో చాలా మాటలు రష్యన్ నుంచి మలిచినవి. సరగి, నేషన్, మీస్టర్ అనే ముగ్గురు పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న కొందరికి ఆ నవల ఇచ్చి చదవమన్నారు. మాటల మీద పరీక్ష ఉంటుందని చెప్పలేదు. తీరా పరీక్ష పెడితే 90 మాటల్లో సగటున 76 శాతం సరిగ్గా గుర్తించారు. వాళ్లకిచ్చిన ప్రతుల్లో ఆ మాటలకు అర్థాల పట్టిక కూడా లేదు.

ఇంతవరకూ మాస్టారిదే గెలుపు. కానీ ఆ చదువరులకు ఆ యాస మాటలు తప్ప పుస్తకంలో మిగతావన్నీ తెలుసు. పైగా ఆ మాటలు ఒక్కొక్కటీ సగటున పదిహేనుసార్లు వస్తాయి. ఇచ్చిన అర్థాల్లో సరైనది ఎంచుకోవడమే పరీక్ష. 1998లో ఒమాన్‌లో, ఇంగ్లీషు నేర్చుకుంటున్న 34 మంది విద్యార్థుల చేత థామస్ హార్డీ నవల ఒకదాని సరళమైన ప్రతిని చదివించారు. వాళ్లకు 45 మాటల పరీక్షలో కొత్తగా వచ్చినవి సగటున అయిదు కూడా లేవు.

ఒక కథను ఎవరి సాయమూ లేకుండా అర్థం చేసుకోవాలంటే నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలని 2000లో హు, నేషన్ అనే పరిశోధకులు లెక్క తేల్చారు. హోసూరు గారూ, మీవి 40 పేజీల్లో 212, అంటే పేజీకి అయిదు పైచిలుకు. పేజీకి 250 మాటలనుకుంటే నూటికి రెండు. సరిగ్గా గట్టు మీద నిలబడ్డారు! అయితే ఇది ఇంగ్లీషు లెక్కని మరవకండి. 'వెళ్లొస్తానన్నాడుగా' అన్నదాన్ని మనం ఒక్క మాటగా రాస్తాం, అందులో ఎన్ని ఉన్నాయో మీరే విడదీసుకోండి.

నిద్రలేమి

ఇంత గొడవ ఎందుకు? ఎవరైనా చదివి రికార్డు చేసినది వినండి. పని చేసుకుంటూ వినొచ్చు.

అనంతపురం రైతుబిడ్డ

మాస్టారూ, చిన్న సందేహం. కపిల అంటే ఆవు అన్నారే, అది ఏ వాక్యంలో వచ్చింది?

తీరిక మాస్టారు

నవలలోని మాటలు ఉన్నవున్నట్టు గుర్తులేవు. ఒక పేదరైతు ఇంకా తెల్లవారకముందే కపిల తోలడానికి పోతాడు. అతని పాట ఊళ్లోకి వినిపిస్తుంటుంది. చక్కటి ఘట్టం. కపిలగోవు అన్నమాట మనం ఎరిగిందే కదా? ఆవును తోలుకుని మేతకు వెళ్తున్నాడు.

అనంతపురం రైతుబిడ్డ

అదే అనుకున్నాను. అది ఆవు కాదు మాస్టారూ. బావిలోంచి నీళ్లు తోడే సాధనం. పెద్ద తోలు సంచి, దాని కింద తొండం, గిలక మీదుగా మోకు, మోకు రెండో కొసన కాడెద్దులు. ఎద్దులు వాలుబాటలో కిందికి నడిస్తే సంచి పైకి వస్తుంది, తొండంలోంచి నీళ్లు కాలవలో పడతాయి. తరవాత ఎద్దులు వెనక్కి వెనక్కి నడిచి పైకి చేరాలి. మళ్లీ కిందికి. అలా పొలం తడిసేదాకా. దాన్నే కపిల తోలడం అంటాం. తెలంగాణలో మోట అంటారు, మోటబావి అన్న మాట మీరు వినే ఉంటారు. మా తాత తోలాడు, మా నాన్న చిన్నప్పుడు మోకు మీద కూర్చున్నాడు. నా కాలానికి మోటార్లు వచ్చేశాయి.

ఎండ ముదిరితే ఎద్దులు లాగలేవు. అందుకే తెల్లవారకముందు మొదలుపెడతారు. పాట కూడా సరదాకు కాదు. మనిషి అడుగూ ఎద్దుల అడుగూ ఒక్క వరసలో పడాలి, నిద్ర ముంచుకురాకూడదు. కపిల పాటలని వాటికి పేరే ఉంది.

తీరిక మాస్టారు

చిత్తం. ముప్పై ఏళ్లుగా ఆ నవలలో ఒక ఆవు తిరుగుతోంది. దాని రంగు కూడా నాకు తెలుసు.

తప్పు ఒప్పుకుంటున్నాను కానీ వాదన వదులుకోవడం లేదు. ఆ రైతు పేదవాడని, చీకటితోనే లేచే కష్టజీవి అని నాకు అర్థమైంది. అతని కోసం కళ్లనీళ్లు పెట్టుకున్నాను కూడా. ఆవు వల్ల నాకు కథ ఏం చెడింది?

అనంతపురం రైతుబిడ్డ

చెడింది మాస్టారూ. మీరు చెప్పిన ఘట్టం నేననుకుంటున్న నవలలోదే అయితే, తరవాత ఒక ఎద్దు కుంటిదవుతుంది. నెల తిరక్కుండా చేను ఎండిపోతుంది. ఎద్దు కుంటితే చేను ఎందుకు ఎండిందో మీకెలా తోచింది?

తీరిక మాస్టారు

ఎరువు తోలేవాళ్లు లేక అనుకున్నాను.

అనంతపురం రైతుబిడ్డ

నవ్వడం లేదు మాస్టారూ, ఒట్టు. తరవాతి పేజీ దిద్దుతుందన్నారు. ఇక్కడ అది మీ తప్పుకు ఇంకో తప్పును తోడిచ్చింది. ఊహకు ఉన్న గుణమే అంత. వాక్యంలో సరిపోతే చాలు, నిజమా కాదా అని అది అడగదు.

పాత పేజీలు

రోజంతా పుస్తకాల అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం నాది. మీరంతా నిఘంటువును ఏదో న్యాయస్థానంలా మాట్లాడుతున్నారు. అందులో దిగినవాళ్లకే తెలుస్తుంది ఎంత చిక్కో. 1885లో వచ్చిన శబ్దరత్నాకరం ఇప్పటికీ మాకు పెద్ద దిక్కు. కానీ అందులో 'చెరువు' కావాలంటే బండి ఱతో 'చెఱువు' అని చూడాలి. కొత్తవాళ్లకు ఆ సంగతి ఎవరు చెబుతారు? నూతికి నుయ్యి, గోతికి గొయ్యి, నేతికి నెయ్యి, పంటికి పన్ను, ఇంటికి ఇల్లు. మాట మొదలే మారిపోతుంటే అకారాది వరస ఏం చేస్తుంది? ఆంధ్రభారతి వెబ్‌సైటు వచ్చాక నయం. ఒక్కచోట కొడితే చాలా నిఘంటువుల్లో ఒకేసారి వెతికిపెడుతుంది.

వృత్తుల మాటలకు, ప్రాంతాల మాటలకు మామూలు నిఘంటువు చాలదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశాలు వచ్చాయి, 1962లో వ్యవసాయానికి, 1971లో చేనేతకు. రైతుల దగ్గరికి, నేతపనివాళ్ల దగ్గరికి వెళ్లి సేకరించిన మాటలవి. పాత పుస్తకాల దుకాణంలో కనబడితే బేరమాడకుండా కొనెయ్యండి.

అసలు సంగతికి వస్తాను. నిఘంటువు చూడాల్సిన మాటలున్నాయి, చూసినా లాభం లేని మాటలున్నాయి. పాత కథలో ఒకడు పనివాడి చేతిలో బేడ పెట్టాడనుకోండి. ఏదో చిల్లర అని ఊహించి సాగిపోవచ్చు. కానీ బేడ అంటే రెండణాలు, రూపాయిలో ఎనిమిదో వంతు. అది తెలియకపోతే ఇచ్చినవాడు ఉదారుడో పిసినారో తెలియదు. రచయిత ఆ ఒక్క మాటతోనే మనిషిని చూపించాడు, మనం చిల్లరని దాటేశాం. ఇలాంటి చోట ఒక్క నిమిషం ఆగితే పోయేదేమీ లేదు.

దానికి తిరగబడ్డ మాట 'ఆడబాప'. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. నిఘంటువు దాసి అనో పనిమనిషి అనో అంటుంది. దొరల ఇంటి ఆడపిల్లతో పాటు అత్తవారింటికి సారెలాగా పంపే పిల్ల, గడిలో, అంటే దొర ఉండే కోటలాంటి ఇంట్లో, ఆమె బతుకు, ఆమెకు పెళ్లంటూ లేకపోవడం, ఇవన్నీ 'దాసి' అన్న రెండక్షరాల్లో ఎక్కడున్నాయి? ఆ మాటకు అర్థం ఆ నవలంత పొడుగు. అక్కడ ఫోను తీసి చూసుకుంటే తెలిసిపోయిందన్న భ్రమ తప్ప ఇంకేమీ మిగలదు.

నా పద్ధతి ఇదీ. మొదటిసారి చేతిలో పెన్సిల్ ఒక్కటే ఉంటుంది. తెలియని మాట కింద గీత గీసి ముందుకు పోతాను. అధ్యాయం అయ్యాక వెనక్కి తిరిగి చూస్తాను. మూడు చోట్ల గీత పడ్డ మాట, కథ దేనిమీద వేలాడుతోందో ఆ మాట, ఈ రెండు రకాలే వెతుకుతాను. చెట్ల పేర్లు, పిట్టల పేర్లు వదిలేస్తాను. (ఇది నా బద్ధకం. మా చెల్లెలు వృక్షశాస్త్రం చదివింది, ఈ మాట వింటే నన్ను బతకనివ్వదు.)

లెక్కల మనిషి

మూడు గీతల పద్ధతి బాగుంది. ఒక మాట మళ్లీ మళ్లీ తగిలితేనే నిలుస్తుందన్నదానికీ సరిపోతుంది. కానీ కపిల లాంటి మాట దగ్గర అది పనిచేయదు. మాస్టారికి అది తెలియని మాట కాదు కదా, తెలుసనుకున్న మాట. ఆయన పెన్సిల్ అక్కడ గీత గీసేదే కాదు.

పాత పేజీలు

నిజమే. దానికి నా దగ్గర మందు లేదు.

హోసూరు చదువరి

రెండు రోజులు ఇటు రాలేకపోయాను, ఇంతలో ఇంత జరిగింది. మాస్టారూ, మీకు తోడు నేనున్నాను. మీరు చెబుతున్నదీ నేను చదువుతున్నదీ ఒకే నవలలా ఉంది. నోటుపుస్తకంలో 61వ మాట చూసుకున్నాను. 'కపిల: ఒక రకం ఆవు.' ఊహించి రాసింది కాదు, నిఘంటువు చూసి రాసుకున్నదే. రెండర్థాలు కనిపించాయి, ఆవు, నీళ్లు తోడేది. 'తోలడం' ఉంది కాబట్టి ఆవేనని నేనే తీర్పు చెప్పేశాను. నీళ్లను ఎవరైనా తోలతారా అనుకున్నాను.

రాత్రి మా అవ్వకు ఫోను చేశాను. కపిల అంటే ఏమిటవ్వా అని అడిగితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "మన మామిడితోపులో రాళ్లు పడి పూడిపోయిన బావి ఏమనుకున్నావురా?" అంది. ఆ బావి గట్టు మీద నేను ఎన్నో వేసవులు ఆడుకున్నాను. పక్కన ఏటవాలుగా పల్లం ఉండేది, మేము జారుడుబండ చేసుకున్నాం. ఎద్దులు నడిచిన బాట అదేనట. తాత పాడే పాట ఒకటి రెండు చరణాలు గుర్తు తెచ్చుకుని పాడింది, మధ్యలో ఆపి ఎద్దుల పేర్లు చెప్పింది. ముప్పావుగంట మాట్లాడుకున్నాం. ఈ మధ్యకాలంలో అంతసేపు మాట్లాడిన గుర్తు లేదు.

నోటుపుస్తకం అటక ఎక్కించడం లేదు, రాయడం మాత్రం తగ్గించాను. నిన్న పన్నెండు పేజీలు చదివాను, ఏడు గీతలు పడ్డాయి. ఇప్పుడు కళ్లం దగ్గర ఆగిపోయాను. గింజలు తూర్పార పడుతూ అందరూ 'పొలి, పొలి' అని అరుస్తున్నారు. అవ్వ నిద్రపోయింది. ఎవరికైనా తెలుసా?

తీరిక మాస్టారు

నాకు ఒక ఊహ ఉంది. చెప్పను.

అనంతపురం రైతుబిడ్డ

ముందు ఆ వాక్యం మొత్తం పెట్టండి, దాని పైదీ కిందిదీ కూడా.