అప్‌డేట్: మెక్సికో అక్క ఇంగ్లీష్ ఎంతవరకు వచ్చిందంటే

రెండు నెలల క్రితం అడిగాను కదా, డాలస్‌లో నేను పనిచేసే రెస్టారెంట్ కిచెన్‌లో ఉన్న మెక్సికో అక్కకి రోజూ వాడే ఇంగ్లీష్ మాటలు ఎలా నేర్పాలి, యాప్‌లో చదివింది మర్నాటికి మర్చిపోతోంది అని. చాలామంది వస్తువుల మీద చీటీలు అంటించమన్నారు, అంటించాను. సింక్, చీపురు, గరిటె బాగానే వచ్చేశాయి (ఆవిరికి సగం చీటీలు ఊడిపోయాయి, అది వేరే సంగతి).

అసలు తంటా అంతా ఒకేలా వినిపించే మాటలతోనే. సోప్ అయిపోయింది తెమ్మంటే గిన్నెలో సూప్ పోసి తెచ్చింది, ఎందుకంటే స్పానిష్‌లో సోపా అంటే సూప్, సబ్బుని హబోన్ అంటారు. ఇంకోరోజు ఆర్డర్ తారుమారు చేసి నేను 'ఐయామ్ ఎంబరాస్డ్' అంటే నా పొట్ట వైపు అదోలా చూసింది. ఎంబరసాదా అంటే గర్భవతి అట!

అందుకే ఇప్పుడు ఇలా మోసం చేసే మాటలకే ఒక నోట్‌బుక్ పెట్టాం. రోపా అంటే బట్టలు, తాడు కాదు. కార్పేటా అంటే ఫైలు, కార్పెట్ కాదు. చీటీల కంటే ఇదే బాగా పనిచేస్తోంది, నవ్వుకున్న మాట మళ్లీ మర్చిపోవట్లేదు.

స్కూల్‌ని మాత్రం ఇంకా ఎస్కూల్ అనే అంటోంది. మా నాయనమ్మ ఇస్కూలు అనేది, నేనేం దిద్దుతాను?