సెంటున్నర పెరట్లో నేరేడా, రేగా?

కొరిటెపాడు పెరడు:
మాది గుంటూరండి, ఇంటి వెనక సెంటున్నర జాగా ఉంది, నల్లరేగడి, వానాకాలం నీళ్ళు నిలబడతాయి ఎండాకాలం బీటలు తీస్తది. పిట్టలు వచ్చే మన నాటు చెట్టు ఒకటి పెడదామని చూస్తున్నా. నేను నేరేడు అంటుంటే మా అత్తగారు రేగు పెట్టు, భోగిపళ్ళు కొనే పని ఉండదు అంటున్నారు. ముళ్ళ చెట్టు కదా, పిల్లలు తిరిగే చోటు, ఏం చెయ్యమంటారు?

బెజవాడ ఎండ:
నేరేడు పూతకి తేనెటీగలు బానే వస్తాయి కానీ అంత జాగాలో వద్దండి, పెరిగిందంటే మూడంతస్తుల మేడ దాటిపోద్ది. జూన్‌లో పళ్ళు రాలితే గచ్చంతా ఊదా మరకలే, రాత్రి గబ్బిలాలు తిని పక్కింటోళ్ళ కారు మీద వేస్తాయి, ఇక రోజూ పంచాయితీ. పైగా గింజ నాటితే కాపుకి ఎనిమిది పదేళ్ళు. అత్తగారి మాటే వినండి.

తెనాలి తోట:
రేగుకే నా ఓటు. పూత సెప్టెంబర్, అక్టోబర్‌లో, ఆకు మొదట్లో గుత్తులుగా వస్తది, లేత పసుపుపచ్చ పూలు, దగ్గరికెళ్ళి చూస్తే గానీ కనపడవు, వాసన కూడా గొప్పగా ఏం ఉండదు. కానీ తేనె లోపల దాక్కోకుండా పైకే ఉంటది, అందుకే తేనెటీగలే కాదు మామూలు ఈగలు, కందిరీగలు, చీమలు అన్నీ మూగుతాయి. తెల్ల రెక్కల మీద నల్ల మచ్చలుండే బుల్లి సీతాకోకచిలుక, కామన్ పియరో అంటారు, అది గుడ్లు పెట్టేది రేగు ఆకు మీదే. ఆకులకి అక్కడక్కడా చిల్లులు పడ్డాయని మందు కొట్టకండి.
ముళ్ళ సంగతి, గోడ మూలకి పెట్టి కింద కొమ్మలు తీసేస్తే సరి. మట్టి దిబ్బగా పోసి దాని మీద నాటండి, మొదట్లో నీళ్ళు నిలవకూడదు. ఏటా ఎండాకాలం ఆకు రాలాక కొమ్మలు గట్టిగా కొట్టెయ్యాలి, కాపు కొత్త కొమ్మలకే వస్తది, ఎత్తూ అదుపులో ఉంటది.

కొరిటెపాడు పెరడు:
నర్సరీలో ఆపిల్ రేగు అంటు ఇస్తామంటున్నారు, తీసుకోనా?

బెజవాడ ఎండ:
ఆ సైజు కాయ భోగికి పిల్లాడి నెత్తిన పోస్తే బొప్పి కడతది 😂 నాటుదే పెట్టండి, పిట్టలకీ చిన్న పండే వీలు.

తెనాలి తోట:
అంటు మొక్కే తెస్తే అతుకు కింద వచ్చే చిగుళ్ళు గిల్లెయ్యాలి, లేకపోతే అడవి రేగే పైకి లేస్తది. ఏదైనా పండు ఈగ తప్పదు, పుచ్చిన పళ్ళు రాలగానే ఏరెయ్యండి, వేసవిలో చెట్టు కింద మట్టి తిరగెయ్యండి, ఆ ఈగ ప్యూపాలు, అంటే పురుగు ఈగగా మారే ముందు గూడు దశ, అక్కడే ఉంటాయి. చిలకలు, గోరింకలు, ఉడతలు తింటున్నాయని వల మాత్రం కట్టకండి, కాళ్ళు చిక్కుకుని చస్తాయి. పై కొమ్మలు ఎలాగూ మీకు అందవు.