నర్సు ఉద్యోగానికి గడియారం పెట్టి పరీక్ష: ఇది న్యాయమేనా?

మడివాళ సిస్టర్:
గత వారం బెంగళూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి స్టాఫ్ నర్సు ఉద్యోగం కోసం వెళ్లాను. జీఎన్‌ఎం (నర్సింగు డిప్లొమా) పూర్తిచేసి 11 సంవత్సరాలు, అందులో 7 సంవత్సరాలు ఐసీయూలోనే పనిచేసిన నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి 30 నిమిషాల్లో 40 ప్రశ్నలకు జవాబులు గుర్తించమన్నారు. 500 మి.లీ. సెలైను 6 గంటల్లో ఎక్కాలంటే 20 చుక్కల సెట్టుతో (20 చుక్కలు ఒక మి.లీ. అయ్యే గొట్టం) నిమిషానికి ఎన్ని చుక్కలు వేయాలన్న 31వ ప్రశ్న దగ్గర సమయం అయిపోయింది. జవాబు 28 అని నాకు తెలుసు. తెలుగు మాధ్యమంలో చదివినదాన్ని కావడంతో ఇంగ్లీషు ప్రశ్నను రెండుసార్లు చదువుకోవలసి వచ్చింది, అంతే. ఇది న్యాయమేనా?

వార్డు ఇన్‌చార్జి:
సిస్టర్ గారూ, ఎయిమ్స్ నియామకాలకు జరిపే నార్‌సెట్ ప్రిలిమ్స్‌లోనూ 100 ప్రశ్నలకు 90 నిమిషాలే ఇస్తారు, తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది. గుండె ఆగిన రోగికి 3 నుంచి 5 నిమిషాలకు ఒకసారి అడ్రినలిన్ ఇవ్వవలసి ఉండగా, మనం ప్రశ్న రెండోసారి చదువుకునేదాకా ఎవరు ఆగుతారు?

మడివాళ సిస్టర్:
అడ్రినలిన్‌కు లెక్కే అక్కరలేదు మేడమ్, ఒక ఆంపూలు (చిన్న గాజు సీసా) అంటే ఒక మి.గ్రా. లెక్క అవసరమైన మందుల దగ్గర తొందర కూడదనే కదా ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడు ఇచ్చేముందు ఇద్దరు నర్సులు సరిచూడాలంటారు.

కేఆర్ పురం:
సెలైను వేగాన్ని తామే చూసుకునే ఇన్‌ఫ్యూజన్ పంపులు వచ్చాక ఇంకా చుక్కల లెక్క దేనికండీ?

వార్డు ఇన్‌చార్జి:
జనరల్ వార్డులో ప్రతి మంచానికీ పంపు ఎక్కడుంది? అదే సెలైను 60 చుక్కల మైక్రో సెట్టుతో అయితే నిమిషానికి 83 చుక్కలు. ఈ తేడా 45 సెకన్లలో తట్టకపోతే పరీక్షను తప్పుపట్టడం ఆడలేక మద్దెల ఓడన్నట్టే.

హెబ్బాళ:
ప్రభుత్వ పరీక్షల్లో వికలాంగులకు గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు. కుడిచేతి వేళ్లు సరిగా వంగని నా చెల్లెలికి ఒక ప్రైవేటు ఆసుపత్రి పంపిన పరీక్షలో ఆ మాట అడిగే గడి కూడా లేదు.

మడివాళ సిస్టర్:
మద్దెల సంగతి సరే మేడమ్, మీరు మంచం పక్కన నిలబడి సిరంజి పట్టి ఎన్నేళ్లయింది?

వార్డు ఇన్‌చార్జి:
అడిగారు కనుక చెబుతాను. రెండేళ్ల క్రితం నా వార్డులో కొత్తగా చేరిన అమ్మాయి, 10 యూనిట్లు ఇవ్వబోయి, మి.లీ.కి 100 యూనిట్లున్న ఇన్సులిన్‌ను మి.లీ.కి 40 యూనిట్ల లెక్కన గీతలున్న ఎర్ర మూత సిరంజిలో 10 గీత దాకా తీసి ఇచ్చింది. అంటే వెళ్లినవి 25 యూనిట్లు. చెమటతో తడిసిపోయిన ఆ పెద్దాయనకు తెల్లవారుజామున డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజు) ఎక్కిస్తూ నిలబడ్డది నేనే. అందుకే పరీక్ష ఉండాలంటాను.

మడివాళ సిస్టర్:
ఆ అమ్మాయికి పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయి?

వార్డు ఇన్‌చార్జి:
40కి 36. ఆ రాత్రి 14 మంది రోగులకు తను ఒక్కతే ఉంది.

మడివాళ సిస్టర్:
మరి ఇన్సులిన్ సరిచూడవలసిన రెండో నర్సు ఏది? ఇద్దరు ఉండవలసిన చోట ఒక్కరినే పెట్టి, ఆ ఒక్కరూ ఎంత తొందరలోనూ తప్పు చేయకూడదని మా మీద గడియారం పెడుతున్నారు. నా బాధ 31వ ప్రశ్న గురించి కాదు మేడమ్, దీని గురించి.

వార్డు ఇన్‌చార్జి:
రెండో నర్సును ఇమ్మని మూడుసార్లు రాసి ఇచ్చాను, ఇవ్వలేదు. వచ్చేవారిని ముందే వడకట్టుకోవడం తప్ప నా చేతిలో ఏముంది?

మడివాళ సిస్టర్:
వడకట్టండి. కాని రెండు సీసాలు, రెండు సిరంజిలు ముందు పెట్టి ఏది దేనికో తీసి చూపమనండి, గడియారం పెట్టుకున్నా సరే, నేను వస్తాను.

వార్డు ఇన్‌చార్జి:
ఒక్క ఖాళీకి 60 మంది వస్తారు సిస్టర్ గారూ. అందరి చేతులూ చూడాలంటే అందుకు కూడా నాకు రెండో మనిషి కావాలి.